రుద్రమదేవి: శాసనములు చెప్పినది, జనులు చెప్పుకొన్నది

కాకతి రుద్రమదేవి పేరు వినని తెలుగువారు లేరు. కాని ఆమెను గూర్చి మనము చెప్పుకొను మాటలలో రాతిమీద నిలిచినవెన్ని, నోటిమీద పెరిగినవెన్ని యని విచారించువారు అరుదు. ఈ విచారణ మన కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతములవారికి మరింత అవసరము. ఏలయన, ఆమెకు కడపటి శత్రువైన కాయస్థ అంబదేవుడు ఏలిన నాడులలో మన రేనాడు ఒకటి. ఓరుగంటివారు ఆమెను తమ రాణియని చెప్పుకొందురు. ఆమెపై తిరుగబడిన ప్రభువు మనల నేలినవాడన్న సంగతి మనలో పెక్కుమందికి తెలియదు.

ఆమె కాలమున చెక్కిన శాసనములు దానధర్మములను చెప్పునే గాని కథలు చెప్పవు. కథలు చెప్పునది ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రము. 1323లో ఓరుగల్లు కూలిన పిమ్మట రమారమి రెండు శతాబ్దములకు పుట్టిన వచనగ్రంథమది. ఆ తరువాత కర్నల్ మెకంజీ దొర (1754–1821) గ్రామగ్రామమున వ్రాయించిన కైఫీయతులు వచ్చినవి. వానిలో కరణములు తమ దఫ్తరములనుండి వ్రాసినది కొంత, వృద్ధుల నోట విని వ్రాసినది కొంత. లెక్క వ్రాయువాడు జమను చీటీతో సరిచూచినట్లు, ఈ గ్రంథములను శాసనములతో సరిచూడవలెను.

మొదట ఆమె ఎవరి బిడ్డ యను ప్రశ్నయే చిక్కుపడినది. గణపతిదేవ చక్రవర్తి (1199–1262) భార్యయే రుద్రమ యని వెనుకటి పండితులు కొందరు వ్రాసిరి. దీనికి కారణము వెనిసు నగర యాత్రికుడు మార్కోపోలో. ఆయన చీనాదేశమునుండి సముద్రమార్గమున మరలి పోవుచు, మోటుపల్లి రాజ్యము సంగతులు వినెను; 1298 ప్రాంతమున జెనోవా చెరసాలలో వానిని వ్రాయించెను. అక్కడి రాణి వివేకవతి యనియు, భర్త పోయిన నలువది ఏండ్లుగా న్యాయముగా ఏలుచున్నదనియు, ప్రజలకు ఆమెపై మిక్కిలి ప్రేమ యనియు ఆయన చెప్పెను. ఆ పుటలలోనే వజ్రముల కథయు నున్నది: సర్పములు నిండిన లోయలలోనికి మాంసఖండములు విసరగా, గ్రద్దలు వానిని వజ్రములతో సహా పైకి తెచ్చునట. గ్రద్దల కథను నమ్మని మనము, అదే పుటలోని నలువది ఏండ్ల వైధవ్యమును మాత్రము అక్షరసత్యమని ఎట్లు నమ్ముదుము? రాణి ఉన్నదనుట నిజము, మంచిపేరు నిజము, మోటుపల్లి నుండి సన్నని వస్త్రములు పోయిన మాట నిజము. బంధుత్వము మాత్రము తారుమారైనది. ఆమె గణపతిదేవుని కూతురు. రెండవ కూతురు గణపాంబను కోట బేతరాజునకు ఇచ్చిరి. రుద్రమ భర్త నిడదవోలు చాళుక్యుడు వీరభద్రుడు.

ఆమెను పుట్టినది మొదలు మగబిడ్డగా దాచిపెంచిరని మరియొక కథ. 2015లో వచ్చిన చలనచిత్రము దీనికి మరింత రంగు పూసినది. ఇందు వాస్తవమెంత? పుత్రులు లేని గణపతిదేవుడు ఆమెను పుత్రునిగా భావించి రుద్రుడని పేరిడినట్లు విద్యానాథుని ప్రతాపరుద్రీయమున నున్నది. శాసనములందు ఆమె తరచుగా రుద్రదేవ మహారాజు. ఇంతవరకు సరియే. కాని ఈ పేరు సింహాసనమునకు పెట్టిన పేరే గాని లోకమును మోసపుచ్చుటకు పెట్టినది కాదు. భర్త కలదు, కూతుండ్రు కలరు, పెద్దకూతురు ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుని ఆమె దత్తత గొన్నది. పెండ్లి పందిరి వేసి, పురుళ్లు పోసికొన్న స్త్రీని పురుషుడని ఏ సామంతుడు నమ్మును? యుద్ధమున పురుషవేషము ధరించి యుండవచ్చును, అది నమ్మదగినదే. ఓరుగంటి కోటలో స్వయంభూదేవుని గుడి యెదుట ఆమె కట్టించిన రంగమండపపు శిల్పములలో, ఏనుగును అణచు సింహముపై కత్తియు డాలును ధరించి కూర్చున్న స్త్రీమూర్తి కలదు. తండ్రి బిరుదమైన రాయగజకేసరి యను దానిని ఆమె తాను ధరించినది. ఆ శిల్పము ఆ బిరుదమునకు రూపము. దాచుకొనువారు గుడియెదుట స్త్రీరూపమును చెక్కించుకొందురా?

ఇక తిరుగుబాటుల మాట. స్త్రీ ఏలుబడిని సహింపలేక హరిహరదేవుడు, మురారిదేవుడు అను అన్నదమ్ములు ఓరుగంటి కోటను పట్టుకొనిరనియు, రుద్రమ వారిని జయించి చంపించెననియు ప్రతాపచరిత్రము. వీరు గణపతిదేవుని కుమారులట. గణపతిదేవునకు కుమారులున్నట్లు ఒక్క శాసనమైనను చెప్పదు. ఉన్నచో కూతునకు రుద్రదేవుడని పేరిడు అగత్యమే లేదు. అయినను ఈ కథను ఊరక త్రోసివేయుట తగదు. రేచర్ల ప్రసాదిత్యుడను వీరునకు కాకతిరాజ్యస్థాపనాచార్యుడని బిరుదము కలదని వెలుగోటివారి వంశావళి చెప్పుచున్నది. కదలని రాజ్యమును మరల స్థాపించు పని యెవరికి పడును? కనుక ఏదో అంతఃకలహము జరిగినది. అన్నదమ్ముల పేరులు మాత్రము కథకుడు కూర్చినవని నా తలంపు.

దేవగిరి యుద్ధము మరియొక చిత్రము. యాదవ మహాదేవుడు దండెత్తి రాగా, రుద్రమ అతనిని తరిమి దేవగిరి దాక పోయి, కోటి బంగారము దండుగ గొని వచ్చెనని మనవారి కథ. ఆ మహాదేవుని మంత్రియైన హేమాద్రి తన గ్రంథములో మరొక విధముగా వ్రాసికొనెను: తన ప్రభువు తెలుగురాజు ఏనుగులను, వాద్యములను లాగికొనెననియు, రుద్రమను ఆడుదియని విడిచిపెట్టెననియు. ఇరువురును తమ దొరను పొగడుకొనువారే. ఇందు తీర్పు చెప్పునది బీదరు కోటలో దొరకిన శాసనము. అది రుద్రమ సామంతుడైన సింద భైరవునిది, ఆమెను రాయగజకేసరిగా పేర్కొనుచున్నది. బీదరు యాదవుల సరిహద్దు. ఆడుదియని దయదలచి విడిచిన రాణి సేనాని శత్రువుల సీమలో శాసనము వేయింపజాలడు. కోటి బంగారమునకు చీటీ లేదు. సేనలు అంత దూరము పోయినందుకు మాత్రము ఉన్నది.

ఇప్పుడు మన సీమకు వత్తము. గణపతిదేవుడు గంగయసాహిణి యను కాయస్థ వీరుని, పానుగల్లు మొదలు మార్జవాడ దాక గల విశాలభూభాగమునకు అధికారిని చేసెను. సాహిణి యనగా అశ్వదళమునకు పెద్ద. ఆ వంశమువారు నేటి కడప మండలములోని వల్లూరును రాజధాని చేసికొనిరి. గంగయ వెనుక జన్నిగదేవుడు, త్రిపురారి. వారి వెనుక 1272లో అంబదేవుడు. ముందరివారు కాకతివారికి విధేయులు. అంబదేవుడు అట్టివాడు కాడు. శ్రీపతి గణపతిని గెలిచి రాయసహస్రమల్లుడను బిరుదము గొనెను, నెల్లూరు గద్దెపై తన మనిషిని మనుమగండగోపాలుని కూర్చుండబెట్టెను, దేవగిరితోను పాండ్యులతోను చెలిమి చేసెను. గండికోట, ములికినాడు, రేనాడు, పెండేకల్లు అతని చేతిలో నుండెను. దక్షిణపు సరిహద్దును కావలి కాయవలసినవాడే ఆ సరిహద్దును రాజ్యమునుండి తెగగోసికొన్నాడు. రుద్రమకు కలిగిన ఆపదలన్నిటిలో ఇది పెద్దది: యాదవుడు పరాయివాడు, వీడు తన ఇంటి ఉప్పు తిన్నవాడు. అయినను అతనిని దుర్మార్గుడని తేల్చివేయుట నాకు ఇష్టము లేదు. మన పూర్వులు పన్ను కట్టినది ఇతనికే.

1290లో అంబదేవుడు త్రిపురాంతకమున శాసనము వేయించెను. శ్రీశైలమునకు తూర్పు ద్వారమని మనము కొలుచు క్షేత్రమది. అందు తాను ఆంధ్రరాజులనందరను జయించితినని చెప్పికొనెను. కాకతివారికి లోబడినవాడనని ఒక్క మాటయు లేదు. అంతటి గర్వము అతనికి ఎక్కడినుండి వచ్చినదో, రుద్రమ అవసానమును విచారించినగాని తెలియదు.

పాఠ్యపుస్తకములు చాలకాలము ఆమె 1295 దాక ఏలి, మనుమనికి పట్టముగట్టి నెమ్మదిగా కన్నుమూసినదని చెప్పినవి. నల్లగొండ జిల్లా నకిరేకల్లు చేరువనున్న చందుపట్లలోని శాసనము వెలుగులోనికి వచ్చి ఈ లెక్కను మార్చినది. డాక్టర్ పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు దాని ప్రాముఖ్యమును చూపిరి. అది శక సంవత్సరము 1211 విరోధి, అనగా 1289 నవంబరు 27 నాటిది. పువ్వుల ముమ్మడి యను భటుడు, శివలోకమునకేగిన కాకతి రుద్రమదేవికిని, ఆమె సేనాని మల్లికార్జున నాయనికిని పుణ్యముగా సోమనాథదేవునకు భూమి ఇచ్చెను.

శాసనమున ఉన్నది ఇంతే. యుద్ధమని లేదు, అంబదేవుని పేరు లేదు, ఎక్కడ మరణించిరో లేదు. రాణియు సేనానియు ఒకేసారి పోవుట, సేనాని భటుడు ఓరుగంటికి దక్షిణమున ఆ దానము చేయుట, మరుసటి ఏడే అంబదేవుడు జయఘోష చేయుట, ఈ మూటిని కలిపి చరిత్రకారులు ఆమె అంబదేవునిపై దండయాత్రలో మడిసినదని ఊహించిరి. నాకును ఆ ఊహయే సరియని తోచుచున్నది. అయినను ఊహను ఊహగానే చెప్పవలెను. ఆమె శిరస్సును ఫలానివాడు ఖండించెననియు, ఫలాని వాగు గట్టున ఒరిగెననియు నేడు చెప్పెడివారికి ఆ రాతిలో ఆధారము లేదు.

ఒక సంగతి మాత్రము రాతిలో లేకున్నను లెక్కకు అందును: ఆమె వయస్సు. 1260 ప్రాంతముననే తండ్రితో కూడి ఏలుచుండెను. 1289 నాటికి రాజ్యభారము వహింపగల మనుమడున్నాడు. అట్టి స్త్రీకి అరువది ఏండ్లు దాటినవనుటకు సందేహము లేదు. మరింత పైబడినదనుటకును అవకాశమున్నది. మన పటములలోని రుద్రమ ఎప్పుడును ఇరువది ఏండ్ల కన్యక, గుఱ్ఱముపై నవ్వుచుండును. నిజమైన రుద్రమ, తల నెరసిన అవ్వ. మనుమని చేత కత్తి పెట్టి మేడలో కూర్చుండదగిన ఈడున ఆమె సేనతో బయలుదేరిన మాట నిజమైనచో, కట్టుకథలలో దానితో తూగగలది యొక్కటియు నాకు కనబడదు. అడివి బాపిరాజుగారి గోన గన్నారెడ్డి నవలను చదివినవారు ఆ యువతినే తలచుకొందురు. నవల మంచిది, చదువుడు. కాని గోన గన్నారెడ్డి దొంగ కాడు, వర్ధమానపురము నేలిన సామంతుడు. 1294లో రాయచూరు కోటను కట్టించినవాడు అతని సేనాని విఠలనాథుడు. నవలలోని బందిపోటు బాపిరాజుగారి సృష్టి.

ప్రతాపరుద్రుడు ఆలస్యము చేయలేదు. 1291లో కాకతి సేనలు త్రిపురాంతకముపై నడిచినవి. అంబదేవుడు జయశాసనము వేయించిన ఆ క్షేత్రముననే ఏడాది తిరుగకముందే కాకతివారి శాసనము వెలసినది. కాయస్థులు దక్షిణమునకు తగ్గిరి. మన సీమ ఇంకను కొన్ని ఏండ్లు వారి చేతనే యుండి, పిదప ఓరుగంటి క్రిందికి పోయెను.

విద్యానాథుడు ప్రతాపరుద్రుని కీర్తిని అలంకారములన్నిటిలో పొదిగెను. ఆ రాజును పెంచిన అవ్వ ఎట్లు పోయినదో ఆస్థానకవి చెప్పలేదు. చెప్పినవాడు పువ్వుల ముమ్మడి. అతనిని గూర్చి మనకు తెలిసినది, తన దొరకును తన రాణికిని పుణ్యముగా కొంత భూమి ఇచ్చి, ఆ మాటను రాతిమీద చెక్కించెనన్నంతవరకే.