సరిహద్దు సీమ నుంచి వచ్చిన మంత్రిగారు



ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన విచారణల్లో ఒక మాట వినబడుతుంది. రాజకీయం మురికిగుంట, దైవభక్తి గలవాడు దాని దరికి పోకూడదు అని. ఆ మాట అనేవారు చెడ్డవారు కారు, చూసి చూసి విసిగిపోయినవారు. అయినా ఆ మాటను ఒప్పుకునే ముందు మీరు ఒక మంత్రిగారి జీవితం తెలుసుకోవాలని నా కోరిక. ఆయన పేరు రాబర్ట్ షూమాన్. ఫ్రాన్సు దేశానికి ఆర్థిక మంత్రిగా, ప్రధానమంత్రిగా, విదేశాంగ మంత్రిగా పనిచేశారు.

షూమాన్ 1886 జూన్ 29న లక్సెంబర్గ్ నగరంలోని క్లాసెన్ పేటలో పుట్టారు. తండ్రిది ఫ్రాన్సు సరిహద్దున ఉన్న లొరేన్ సీమ. 1870-71 యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోగా ఆ సీమలో కొంత భాగం జర్మనీ వశమైంది. తండ్రి పుట్టిన ఊరు ఉన్నచోటనే ఉంది, దేశం మాత్రం మారిపోయింది. అందువల్ల షూమాన్ పుట్టుకతో జర్మనీ పౌరుడయ్యారు. తల్లి లక్సెంబర్గ్ ఆడపడుచు. ఇంట్లో మాట్లాడింది ఆ చిన్న దేశపు భాష, న్యాయశాస్త్రం చదివింది జర్మను భాషలో, సేవచేసింది ఫ్రాన్సుకు.

పద్నాలుగేళ్ళకే తండ్రిని పోగొట్టుకున్నారు. 1911లో గుర్రపుబండి ప్రమాదంలో తల్లి మరణించింది. ఆమెకు ఈయన ఒక్కగానొక్క బిడ్డ. ఆ దుఃఖంలో లోకాన్ని విడిచి గురువు కావాలని తలచారు. అప్పుడు ఒక స్నేహితుడు ఆయనకు ఉత్తరం రాసి, ఇకమీదట పునీతులు మామూలు దుస్తుల్లో లోకం మధ్యనే ఉంటారని నచ్చజెప్పాడు. షూమాన్ ఆ సలహా పాటించారు. పెళ్ళి చేసుకోలేదు, మఠంలోనూ చేరలేదు. 1912లో మెట్స్ పట్టణంలో వకీలుగా కార్యాలయం తెరిచారు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి లొరేన్ తిరిగి ఫ్రాన్సుకు దక్కింది. 1919లో మోజెల్ జిల్లా ప్రజలు ఆయనను పార్లమెంటుకు పంపారు. జర్మను చట్టాలకు అలవాటుపడిన తన ప్రాంతాన్ని ఫ్రెంచి చట్టాలతో ఎవరికీ నష్టం రాకుండా అతికించే పనిని ఏళ్ళ తరబడి చేశారు. పత్రికల్లో పేరు తెచ్చే పని కాదది. అయినా ఓపికతో చేశారు.

ఇక్కడ మీకు ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 1940లో హిట్లరు సేనల ముందు ఫ్రాన్సు కూలిపోయింది. అప్పటికి షూమాన్ కాందిశీకుల బాధ్యత చూసే ఉపమంత్రి. జూలై 10న మార్షల్ పెటేన్‌కు సర్వాధికారాలు ఇస్తూ పార్లమెంటు ఓటు వేసినప్పుడు ఈయన కూడా అనుకూలంగా ఓటు వేశారు. ఆ అధికారంతోనే పెటేన్ ప్రభుత్వం నాజీలతో చేతులు కలిపింది. ఆ ఓటు మచ్చగానే మిగిలింది. అయితే షూమాన్ నాజీలకు లొంగలేదు. అదే సెప్టెంబరులో గెస్టపో పోలీసులు ఆయనను పట్టుకుని మెట్స్ జైలులో పెట్టారు. ఆ తరువాత జర్మనీలో నిర్బంధించారు. 1942 ఆగస్టులో తప్పించుకుని, యుద్ధం ముగిసేదాకా మఠాల్లోనూ, తెలిసినవారి ఇళ్ళలోనూ తలదాచుకున్నారు. విముక్తి తరువాత ఆ పాత ఓటు కారణంగా ఎన్నికల్లో నిలబడే అర్హత పోయింది. 1945లో ఆ నిషేధం తొలగింది.

పగ తీర్చుకోవడానికి ఆయనకు కారణాలు తక్కువా? 1948లో విదేశాంగ మంత్రి అయ్యేనాటికి జర్మనీ శిథిలమై ఉంది. దాన్ని ఇంకా అణగదొక్కాలని కోరినవారు ఫ్రాన్సులో చాలామంది. ఆయన దారి వేరు. తుపాకులు, ఫిరంగులు తయారయ్యేది ఉక్కుతో, ఉక్కు తయారయ్యేది బొగ్గుతో. ఈ రెండింటినీ రెండు దేశాలూ ఒకే ఉమ్మడి అధికారం కింద పెడితే, ఒకదానికి తెలియకుండా మరొకటి యుద్ధానికి సిద్ధపడలేదు. ఈ ప్రణాళికను తయారుచేసినవాడు జాన్ మొనే. షూమాన్ ఆ కాగితాలను ఊళ్ళోని తన ఇంటికి తీసుకెళ్ళి చదివి, తిరిగి రాగానే సరేనన్నారు. ఓడితే నింద తనదే అని తెలిసీ అన్నారు. 1950 మే 9న జర్మనీ అధినేత అడినావర్ సమ్మతి రహస్యంగా తెప్పించుకుని, ఆ సాయంత్రమే లోకానికి ప్రకటించారు. యుద్ధం ముగిసి అప్పటికి అయిదేళ్ళే. 1951 ఏప్రిల్ 18న ఆరు దేశాలు సంతకాలు చేశాయి. నేటి యూరోపియన్ యూనియన్‌కు అది పునాది.

అంతటి మంత్రి కూడా అన్నిచోట్లా అదే చూపు చూడలేకపోయారు. ట్యునీషియా ప్రజలు స్వయంపాలన అడిగినప్పుడు, వారి ఆశలను తోసిపుచ్చిన 1951 డిసెంబరు లేఖ ఆయన పేరుతోనే వెళ్ళింది. పరాయి పాలన చవిచూసిన మనం దాన్ని మరచిపోలేం. పొరుగువాడిలో సోదరుణ్ణి చూసిన కన్ను సముద్రం అవతలి మనిషి దగ్గర మసకబారింది.

1953 జనవరిలో విదేశాంగ పదవి పోయింది. 1955లో కొంతకాలం న్యాయశాఖ చూశారు. 1958 నుండి 1960 వరకు యూరోపియన్ పార్లమెంటరీ సభకు తొలి అధ్యక్షుడిగా ఉన్నారు. తరువాత ఆరోగ్యం క్షీణించింది. 1962 వరకు పార్లమెంటు సభ్యుడిగా ఉండి, మెట్స్ దగ్గర సీ-షాజెల్ గ్రామంలోని తన ఇంటికే పరిమితమయ్యారు. పుస్తకాలు, తోట, ఎదురుగా చిన్న గుడి. ఇన్ని పదవుల తరువాత కూడా ఆయనది నిరాడంబరమైన జీవితమే. 1963 సెప్టెంబరు 4న అక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి నేడు ఆ గుడిలోనే ఉంది.

2021 జూన్ 19న పోపు ఫ్రాన్సిస్ గారి ఆమోదంతో తిరుసభ ఆయన వీరోచిత సుగుణాలను గుర్తించింది. పునీత పట్టానికి అది ఒక మెట్టు మాత్రమే. ఇంకా దారి ఉంది.

పాఠకులారా, ఆయన తప్పు చేయనివాడని నేను చెప్పలేదు. ఓటు వేయడంలో తప్పారు, ఒక జాతి మొర వినడంలో తప్పారు. అయినా మురికి అంటుకుంటుందని ఒడ్డున కూర్చోలేదు. ఆయన ఒడ్డునే ఉండిపోయి ఉంటే, మెట్స్ పట్టణానికి ఒక మంచి గురువు దొరికి ఉండేవాడేమో. ఆ బొగ్గు, ఆ ఉక్కు మాత్రం ఎవరి చేతుల్లో ఉండేవి? ఈసారి మీ ఇంటి కుర్రవాడు పంచాయితీకి పోటీచేస్తానంటే, వద్దనేముందు ఈ ప్రశ్న ఒకసారి వేసుకోండి.