దినమునకు ఒక మిల్లీమీటరు

క్రింది దవడ ఎదగక పుట్టిన బిడ్డలు కొందరుందురు. ముఖము వంకరగును, నమలుట ప్రయాస, కొందరికి ఊపిరియే కష్టము. అట్టివారి ఎముకను పెంచు చికిత్సకు మూలపురుషుడు ఒక పల్లెటూరి వైద్యుడు.

గవ్రీల్ ఇలిజారోవ్ 1921లో పోలండులో బీద యూదుల ఇంట జన్మించి, కాకసస్ కొండలయొద్ద పెరిగెను. 1944లో వైద్యవిద్య ముగించి, సైబీరియాలోని దొల్గోవ్కా గ్రామమునకు పంపబడెను. యుద్ధములో కాళ్లు విరిగినవారు నెలల తరబడి పిండికట్లతో పడియుండు దినములవి. 1951 ప్రాంతమున ఆయన ఇనుప వలయములు, సన్నని తీగలు, మరలు కూర్చి ఒక సాధనము చేసెను. విరిగిన ముక్కలను దగ్గరకు నొక్కుటకే దానిని చేసెను. అయితే ఒక రోగి మరను తప్పువైపు త్రిప్పెనని చెప్పుదురు. ముక్కల నడుమ ఎడము కలిగెను. ఆ ఎడములో క్రొత్త ఎముక పుట్టుచుండెను! త్వరగా లాగినచో ఎముక కట్టదు, ఆలస్యము చేసినచో ముందే గట్టిపడును. కాబట్టి దినమునకు ఒక మిల్లీమీటరు, అదియు నాలుగు విడతలుగా. బియ్యపుగింజ మందమైనను కాదు.

మాస్కో పెద్దలు చాలకాలము నమ్మలేదు. 1968లో ఒలింపిక్ విజేత వలేరీ బ్రూమెల్ కాలు ఆయనచేత బాగుపడిన పిమ్మట దేశమంతయు వినెను.

ఆయన పని ముఖ్యముగా కాళ్లు చేతులమీదనే. 1992లో ఆయన కుర్గానులో మరణించెను. ఆ యేడే న్యూయార్కులో జోసెఫ్ మెకార్తీ, ఆయన తోడి వైద్యులు నలుగురు పిల్లల దవడలను ఈలాగు పెంచిన సంగతి ప్రకటించిరి. తరువాత పై దవడకును, పుర్రెకును ఇది వచ్చెను. ఎముకను కోసి సాధనము బిగించుట వైద్యుని పని. ఇంటికి వచ్చిన పిమ్మట ప్రతిదినము మర త్రిప్పునది తరచుగా తల్లియో తండ్రియో.