మలిక్ అంబర్ : గులాం నుండి పేష్వా దాకా

దక్కను చరిత్రలో మలిక్ అంబర్ పేరు మనవాళ్లకు కొత్త కాదు. అక్బరు, జహంగీరుల ఫౌజులను పాతికేండ్లు ముప్పుతిప్పలు పెట్టినాడని బళ్లలో చెబుతాము. అయితే కొనుక్కున్న గులాం రాజ్యమేలే స్థితికి ఎట్లా వచ్చినాడని పిల్లలు అడుగుతారు. జవాబు ఆయన జీవితంలోనే వున్నది.

1548 ప్రాంతంలో హబష్ దేశంలో, అంటే ఇథియోపియాలో పుట్టినాడు. చిన్ననాటి పేరు చాపూ. చిన్నతనంలోనే అమ్ముడుపోయి చేతులు మారుతూ బాగ్దాదు చేరినాడు. అక్కడ మీర్ ఖాసిం అనే వర్తకుడు కుర్రవాని తెలివి చూసి చదువు చెప్పించి, అంబర్ అని పేరు పెట్టినాడు. సుగంధాల పేర్లు, రత్నాల పేర్లు గులాములకు పెట్టడం ఆనాటి అలవాటు. ఖాందాన్ పేరు మాత్రం వుండదు.

ఆ పిమ్మట అహమద్‌నగరు పేష్వా చంగేజ్ ఖాన్ ఆయనను కొన్నాడు. విశేషమేమంటే ఆ పేష్వా కూడా ఒకప్పటి హబ్షీ గులామే! దక్కను దర్బారుల్లో స్థానిక అమీర్లకూ, ఇరాన్ నుండి వచ్చిన అమీర్లకూ ఎప్పుడూ పోటీ. అందుచేత ఈ నేలమీద చుట్టం పక్కం లేని మనిషి యజమానికి నమ్మకస్తుడు. వాని దిక్కులేనితనమే వానికి నిచ్చెన అయింది. జాలిపడి ఎవరూ పైకి తేలేదు సుమా, అవసరపడి తెచ్చినారు. అయితే ఆ నిచ్చెన ఎక్కడానికి అంబరుకు చదువూ, కత్తీ రెండూ చేతిలో వుండినవి.

1575 ప్రాంతంలో చంగేజ్ ఖాన్ పోయినాక ఆయన బేవా అంబరును ఆజాదు చేసింది. కొన్నాళ్లు బీజాపూరు కొలువు. 1595లో సుమారు 150 మంది రౌతులతో అహమద్‌నగరు తిరిగి వచ్చినాడు. 1600లో కోట మొగలుల పాలైతే, నిజాంషాహీ వంశపు రెండవ ముర్తజాను గద్దెనెక్కించి, తన కూతురునిచ్చి నికా చేసి, పెత్తనం తాను చేసినాడు. తాను మాత్రం గద్దె ఎక్కలేదు. షాజీ భోంస్లే వంటి మరాఠా సర్దార్లు ఆయనతో కలిసి నడిచినారు. 1610లో ఖడ్కీ నగరం కట్టించినాడు. అదే తర్వాతి ఔరంగాబాదు, 2023 నుండి ఛత్రపతి సంభాజీనగర్. భూముల సారాన్ని బట్టి శిస్తు కట్టించినాడు. భూగర్భ కాలువలతో ఊరికి నీళ్లు తెప్పించినాడు. నహరె అంబరీ అంటే అదే.

ఇంత ఎదిగినా పుట్టుక వదిలిందా? ఆయనను స్వయంగా కలిసిన డచ్చి వర్తకుడొకడు వ్రాసిపెట్టినదాని ప్రకారం, సుల్తాను ఇరానీ భార్య అంబర్ కూతురును బాందీ బిడ్డ అని హీనంగా చూసిందట. కోపించిన అంబర్ ఆమెకూ, సుల్తానుకూ విషం పెట్టించినాడని కూడా అందులో వున్నది. నిజమైతే అది ఘోరమే, దాచవలసిన పనిలేదు. జహంగీరు సైతం తన స్వీయచరిత్రలో ఆయన నలుపునే ఎత్తి తిట్టినాడు. ఆయన పోయిన తర్వాత మాత్రం మొగలు చరిత్రకారుడు ముతమద్ ఖానే ఆయన ప్రతిభను మెచ్చుకొని వ్రాసినాడు.

1624లో భాత్‌వాడీ వద్ద మొగలు, బీజాపూరు సేనలను కలిపి ఓడించి, 1626లో కన్నుమూసినాడు. సమాధి ఖుల్దాబాదులో వున్నది. కొడుకు ఫతే ఖాన్ గులాంగా పుట్టలేదు, ఏ బజారులోనూ నిలబడలేదు, తండ్రి హోదా నేరుగా చేతికొచ్చింది. 1633లో దౌలతాబాదు కోటను మొగలులకు అప్పగించినది ఆయనే.