తెలిసినదానిని దినచర్యగా మార్చిన మహనీయుడు: సర్ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు

మంచి యేదియో చెడు యేదియో యెఱుగనివారు నేడు మనలో మిక్కిలి తక్కువ. వేకువనే మేల్కాంచవలెననియు, ఆదాయమునకు లోబడి వ్యయము సేయవలెననియు, కోపము నడచుకొనవలెననియు, కట్నము పుచ్చుకొనరాదనియు వినని గృహస్థుడు లేడు. ఇట్టివి బోధించు గ్రంథములు అంగళ్లలో రాసులు పడియున్నవి. ఉపన్యాసములు సెల్‌ఫోనులలో రేయింబగళ్లు వినబడుచునే యున్నవి. అయినను వినుట యొకటియు, నడచుట వేఱొకటియునై యున్నది. చందనపు మోపు మోయు గాడిదకు బరువే గాని పరిమళము తెలియదని పెద్దలు చెప్పిన మాట మనయెడ వ్యర్థము గాలేదు. ఎఱిగినదానిని ఏ రీతిని నడవడిగా మార్చుకొనవలయునో తెలియగోరువారికి సర్ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి జీవితమున కొంత మార్గము గానవచ్చును. కావున వారి చరిత్రమును సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

నాయుడుగారు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. తండ్రి కొలువు వెంట బాల్యమున ఉత్తరదేశమునందును హైదరాబాదునందును విద్య నభ్యసించుటచే తెలుగుతోపాటు హిందీ, ఉర్దూ, పారసీక భాషలయందును వారికి బరిచయ మేర్పడెను. పిమ్మట చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లరుదొరగారి శిష్యులై, 1891లో ఆంగ్లసాహిత్యమున ఎం.ఏ. పట్టము నందిరి. ఆ కాలముననే బ్రహ్మసమాజమువారి యేకేశ్వరోపాసనయు, కులభేద నిరాకరణమును వారి హృదయమున నాటుకొనెను. ఈ సిద్ధాంతములను ఆనాడు విన్నవారు పెక్కండ్రు, మెచ్చినవారును పెక్కండ్రే. సభలో మెచ్చి, ఇంటికి వచ్చి వెనుకటివలెనే యుండుట నాటి విద్యావంతులకు వాడుక. నాయుడుగారు ఆ వాడుకను విడిచినవారు.

ఆనాటి సంపన్నుల వివాహములలోను, అధికారులకు సలుపు విందులలోను భోగముమేళము ముఖ్యాలంకారముగా నుండెడిది. ఆ యాచారము తగదని యుపన్యసించిన పెద్దమనుష్యుడే మఱునాడు మేళమునందు ముందువరుసను గూర్చుండుట యెవరికిని వింతగా దోచెడిది కాదు. నాయుడుగారు మచిలీపట్టణమున అధ్యాపకులై యున్న దినములలో సంఘశుద్ధి యుద్యమము నారంభించి, యువకులచే ప్రతిజ్ఞ చేయించిరి. మద్యము ముట్టరాదు, శీలము దప్పరాదు, భోగముమేళ మున్న వేడుకకు బోరాదు. ఇంతియే ఆ ప్రతిజ్ఞ. దీనియందలి నేర్పు గమనింపదగినది. పవిత్రముగా నుందుమను సంకల్పము ఆకాశమువంటిది, దాని కొలత తెలియదు. మేళమునకు బోమనునది యట్లు గాదు. అది యొక దినమునకును ఒక గడపకును సంబంధించినది. పోయినచో నలుగురును జూతురు. పోకున్నను నలుగురును జూతురు. మేనమామ యింటి పెండ్లికి బోక నిలిచిన యువకునికి తాను నమ్మినదాని వెల యెంతయో నాడే తెలియును. వెల యిచ్చి కొన్న నమ్మకము సులభముగా జాఱిపోదు.

అయితే ఈ యుద్యమము వలన మఱియొక కష్టమును గలిగినది. దానిని దాచుట చరిత్రధర్మము గాదు. ఆచారమును దూషించిన లోకము ఆ నర్తకీమణులను గూడ దూషించెను. వారికి వేఱొక జీవనము చూపినవా రప్పుడు కొలదిమందియే. తరతరములుగా వారు గాపాడిన నృత్యగానములు మూలబడెను. తరువాతి కాలమున నటరాజ రామకృష్ణగారు ఆ కళావంతుల వృద్ధకళాకారిణులను వెదకి, వారి కళను ఆంధ్రనాట్యమను పేర మరల వెలుగులోనికి దెచ్చిరి. చెడును విడుచునప్పుడు అందు జిక్కిన మనుష్యులను విడువరాదని దీనివలన గ్రహింపవలెను.

నాయుడుగారు యౌవనముననే భార్యను గోల్పోయిరి. అది పురుషుడు ఏడాది తిరుగకమున్నే మరల పెండ్లియాడు కాలము. పసిప్రాయపు వితంతువు మాత్రము జీవితాంతము మోడై యుండవలసిన కాలము. వారు మరల వివాహమాడలేదు. శ్వేతవస్త్రములు ధరించి, బ్రహ్మచర్యమున మిగిలిన యేబది సంవత్సరములను గడపిరి. శీలము స్త్రీకి నెంతయో పురుషునకు నంతయే యని సంఘశుద్ధి యుద్యమము బోధించునది. ఆ బోధకు వారి జీవితమే వ్యాఖ్యానమయ్యెను.

మోతీనగరు పరిసరములందు వసించు మన చదువరులకు వారి కర్మభూములలో నొకటి చేరువనే యున్నది. సికింద్రాబాదునందలి మహబూబు కళాశాల నాయుడుగారు జన్మించిన 1862వ సంవత్సరముననే పాఠశాలగా వెలసినది. వివేకానందస్వామి 1893 ఫిబ్రవరిలో ప్రసంగించిన దచటనే. అట్టి విద్యాలయమునకు నాయుడుగారు 1899 మొదలు 1904 వఱకు అధ్యక్షులై యుండిరి. పిదప కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులై 1919 వఱకు నందే యుండిరి.

కాకినాడలో వారు కులభేదము తప్పని సభలలో బలికి యూరకుండలేదు. తమ చేతిలో నున్న తలుపులను దెఱచిరి. బాలికలను పురుషుల కళాశాలలో జేర్చుకొనిరి. అస్పృశ్యులని లోకము దూరముంచిన బాలబాలికలకు వసతి గల్పించిరి. పిఠాపుర మహారాజు సూర్యారావు బహద్దరువారి యౌదార్యముతో అనాథశరణాలయము నడపిరి. ఆ బిడ్డలకు దామే తండ్రియై, తమ జీతములో పెద్దభాగమును వారికొఱకును పేదవిద్యార్థుల కొఱకును వెచ్చించిరి. మేమును జీతముపై బ్రదికిన యుపాధ్యాయులమే గావున ఈ విషయమున ననుభవముతో నొకమాట చెప్పగలము. మిగిలినప్పుడు ధర్మము సేయుదుమనువారికి ఎన్నడును మిగులదు. ధర్మమును గూడ బియ్యమువలె, ఉప్పువలె నెలఖర్చులలో జేర్చుకొన్నవారికే అది సాగును.

ఇట్టి గురువు యొద్ద జదివినవారు లోకమున వెలుగుట వింత గాదు. కృష్ణాపత్రికను దీర్ఘకాలము నడపిన ముట్నూరి కృష్ణారావుగారు వారి శిష్యులు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు కాకినాడలో వారి ప్రభావమున బెరిగినవారు. 1951లో వెలువడిన మల్లీశ్వరి చిత్రమునకు ఈ కృష్ణశాస్త్రిగారే పాటలు రచించిరి. మన మోతీనగరమునకు సమీపమున ఫిలింనగరు నేడు తెలుగు చలనచిత్రములకు నెలవై యున్నది. తెరమీది పాటయందలి సౌకుమార్యమునకు వెనుక ఒక ఉపాధ్యాయుని నిర్మలజీవితము గలదని అచటి జనులలో నెందఱు తలంతురో!

గౌరవములు వారిని వెదకికొని వచ్చినవి. 1924లో సర్ బిరుదము లభించెను. 1925 మొదలు 1928 వఱకు చెన్నపురి విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై యుండిరి. ప్రజలు వారిని బ్రహ్మర్షి యనిరి. 1939 మే 26వ తేదీన కాకినాడలో పరమపదించిరి.

సోదరసోదరీమణులారా! మహాపురుషుని మనవాడని చెప్పుకొనుట సులభము. పటము గట్టించి పూలదండ వేయుట మఱియు సులభము. నాయుడుగారిని తలంచునప్పుడు మాత్రము కులసభవారమగు మనకొక చిక్కు వచ్చును. వారి శరణాలయపు గడప బిడ్డను కులమడుగలేదు. మనము ఏటేట చందాలెత్తి, విద్యార్థివేతనములిత్తుము, వసతిగృహముల గూర్చి యోచింతుము. ఆ వరుసలో పొరుగింటి నిరుపేద బిడ్డ నిలిచినచో ఏమందుము? వారి పేరు మనకు గావలెనేని వారి గడపయు గావలయును. మన బిడ్డలకు సాయము సేయుట తప్పుగాదు. ఆ సాయము మన గోడలోపలనే యాగిపోవుట తప్పు. పది స్థానములుండగా అందొకటి యెవరికైనను దెఱచి యుంచినచో మన నిధి తరుగదు. మన పేరు పెరుగును.

పోషకులకును గృహస్థులకును మా విన్నపమొక్కటే. ఈ సంచికలో జదివిన మంచిమాటలన్నిటిని బట్టుకొనబోవలదు. ఒక్కదానిని బట్టుకొనుడు. దానికొక దినము నిర్ణయింపుడు. ఇంటిలో నలుగురియెదుట చెప్పుడు. కట్నము వలదనువారు తమ కుమారుని సంబంధము మాటలాడు మొదటిదినముననే ఆ మాట పలుకవలెను. చదువు చెప్పింపదలచినవారు వచ్చు నెల జీతమునుండియే ఒక బిడ్డ రుసుమును వేఱుపఱుపవలెను. పెండ్లియాడంబరము తగ్గింపదలచినవారు శుభలేఖలు అచ్చొత్తించుటకు మునుపే లెక్క వ్రాసి పెద్దలకు జూపవలెను. ఏడాది తరువాత మరల మనము గూడినప్పుడు, ఏమి వింటిమని గాక, ఏమి చేసితిమని యొకరినొకరు అడుగుకొందము గాక! ఆ ప్రశ్నకు దలవంపక బదులు చెప్పు భాగ్యమును పరమేశ్వరుడు మనకెల్లరకును బ్రసాదించుగాక!