అరకు కొండల్లో ఎర్ర మాత్ర.. దాని వెనక మూడోసారి మెట్రిక్ పాసైన ఒక కుర్రాడు

అరకులోయ, డుంబ్రిగుడ, అనంతగిరి మండలాల్లో ఏ అంగన్‌వాడీకి వెళ్లినా గర్భిణులకు పంచే ఎర్ర మాత్రలు కనిపిస్తాయి. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు, రోజుకొకటి వేసుకోవాలి. ఆశ్రమ పాఠశాలల పిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలోనూ ఇవే ఉంటాయి. సికిల్‌సెల్ జబ్బు ఉన్నవాళ్లకు ఫోలిక్ ఆమ్లం మాత్ర విడిగా ఇస్తారు. మామూలు మనిషి ఒంట్లో ఎర్రరక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. సికిల్‌సెల్ ఉన్నవాళ్లలో అది పది, ఇరవై రోజులకే చచ్చిపోతుంది. పోయిన కణాల స్థానంలో కొత్తవి పుట్టించడానికి ఎముకల్లోని మజ్జ ఆగకుండా పనిచేస్తూనే ఉండాలి. ఆ పనికి కావాల్సిన ముడిసరుకుల్లో ఫోలిక్ ఆమ్లం ఒకటి.

ఈ మందును ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించింది ఒక తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు. పాఠ్యపుస్తకాలు ఆయన్ని మేధావి అంటాయి. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ పరిశోధన పని మీద మన్యం ఊళ్లు తిరిగే మాకు ఆయన జీవితం చదివినప్పుడు వేరే ప్రశ్న వచ్చింది. తప్పిన ప్రతిసారీ ఆయన్ని మళ్లీ నిలబెట్టినవి ఏమిటి? అవి ఈ కొండల్లోని పిల్లలకు అందుతున్నాయా?

మూడో అవకాశం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. జబ్బుచేసి ముందే ఉద్యోగం మానుకోవాల్సి రావడంతో ఇల్లు గడవడం కష్టమైంది. రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో కుర్రాడికి చదువు మీద ధ్యాస లేదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి పారిపోతే వెనక్కి పట్టుకొచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. తల్లి వెంకమ్మ ఉన్న బంగారం అమ్మి చదివించింది. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ.

ఆ ఇంట్లో పేదరికం ఉంది. అమ్మడానికి ఎంతోకొంత బంగారమూ ఉంది. చదువు ఆపొద్దన్న పట్టుదల ఉంది. బడిలోకి రావొద్దనేవాడు మాత్రం లేడు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో మూడు శాతం పైచిలుకు ఉన్న బ్రాహ్మణులే పట్టభద్రుల్లో అత్యధికులు. 1916 డిసెంబరులో వెలువడిన బ్రాహ్మణేతర ప్రకటన ఎత్తిచూపింది ఈ అన్యాయాన్నే. ఆ ప్రకటన చేసినవాళ్లు కూడా జమీందార్లు, పెద్ద రైతులు, వకీళ్లే. మాల, మాదిగ పల్లెలకు, మన్యం ఊళ్లకు అప్పటికి ఒకటో తరగతే దూరం. మూడోసారి మెట్రిక్ రాయడం అన్న మాటే అక్కడ లేదు.

ఖద్దరు తొడిగినందుకు

మెడికల్ కాలేజీ ఫీజులకు స్నేహితులు, తర్వాత మామగారైన అనపర్తి వాస్తవ్యులు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదుకున్నారు. 1919లో సుబ్బారావు ఆయన కూతురు శేషగిరిని పెళ్లాడారు. గాంధీ విదేశీ వస్త్ర బహిష్కరణ పిలుపు విని ఆపరేషన్ గదిలోకి ఖద్దరు దుస్తులతో వెళ్లారు. శస్త్రచికిత్స ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా పూర్తి ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. పరీక్ష పెట్టేవాడి చేతిలోని మార్కులు విద్యార్థి తలరాతను ఎలా మారుస్తాయో మన యూనివర్సిటీల్లో చదివే దళిత, ఆదివాసీ విద్యార్థులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించారు. ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి మనిషి క్షీణించిపోయే రోగం అది. సుబ్బారావుకూ సోకింది. లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద వైద్యంతో బతికారు. రోగాలకు మందు కనిపెట్టాలన్న పట్టుదల అక్కడ గట్టిపడింది. అందుకు దారి అమెరికా. చేతిలో ఓడ ఖర్చులు లేవు.

రంగూన్ సొమ్ము

ఈ జీవితకథలో ఎవరూ ఎక్కువసేపు ఆగని చోటు ఇది. సుబ్బారావు అమెరికా చదువుకు సాయం చేస్తామని మాట ఇచ్చింది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ. సత్యలింగ నాయకర్ కోరంగి తీరంలో అగ్నికులక్షత్రియ కుటుంబంలో పుట్టి, రంగూన్ వలస వెళ్లి, ఓడల వ్యాపారంలో సంపాదించినవాడు. సముద్రాన్నే నమ్ముకున్న కులం నుంచి వచ్చి, పోయేముందు ఆస్తిని చదువులకు రాసిపెట్టాడు. ఒక బ్రాహ్మణ యువకుడు హార్వర్డ్ చేరడానికి దన్నుగా నిలిచింది ఒక బహుజన వలసజీవి కష్టార్జితం. ఆ మాట కూడా ఇటువంటి కథల్లో ఉండాలి.

1923 అక్టోబరు 26న సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. అదే ఏడాది డాక్టర్ అంబేద్కర్ లండన్ చదువు ముగించుకుని ఇండియాకు తిరిగొచ్చారు. పదేళ్ల ముందు బరోడా మహారాజు ఉపకార వేతనంతో కొలంబియా వెళ్లిన అంబేద్కర్‌కు, 1917లో పనిలో చేరడానికి బరోడా వెళ్తే తలదాచుకోను గది దొరకలేదు. ఇద్దరూ ఇంకొకరి సాయంతో సముద్రం దాటారు. అయితే ఇల్లు అద్దెకు అడిగిన చోట సుబ్బారావును ఈ దేశంలో ఎవరూ కులం అడిగి గెంటలేదు.

అదే ఏడాది మన్యం ఏ స్థితిలో ఉంది? 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులతో మొదలైన పితూరీ 1924 దాకా సాగింది. అల్లూరి సీతారామరాజుతో పాటు గాం గంటందొర, మల్లుదొర పోరాడారు. పోడును నిషేధించిన అటవీ చట్టాల మీద, రోడ్డు పనుల్లో వెట్టి మీద తిరుగుబాటు అది. సుబ్బారావు పెరిగిన రాజమండ్రికి ఎంతో దూరంలో లేని ఆ కొండల్లో అప్పుడు పిల్లలకు దొరికింది బడి కాదు, పోలీసు క్యాంపు.

అక్కడ కులం చెల్లలేదు

సుబ్బారావు అమెరికా చేరడానికి ఎనిమిది నెలల ముందే అక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు ఇచ్చింది. తాను పై కులానికి చెందిన ఆర్యుణ్ని కాబట్టి తెల్లవాళ్ల కిందే లెక్క అని థింద్ వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. భారతీయులకు పౌరసత్వం రాదని తేల్చింది. ఇక్కడ తరతరాలుగా చెల్లిన కులం నాణెం అక్కడ చెల్లలేదు. 1946లో చట్టం మారి భారతీయులకు పౌరసత్వ అర్హత, ఏడాదికి 100 మంది వలస కోటా వచ్చాయి. చనిపోయే నాటికి కూడా సుబ్బారావు అమెరికా పౌరుడు కాదు.

హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో డిప్లొమా చేస్తూ, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడిగే పని చేశారు. ఈ సంగతిని ఆయన గొప్పతనానికి గుర్తుగా చెబుతుంటారు. ఇక్కడ అదే పని తరతరాలుగా చేస్తున్నవాళ్లకు ఏ గొప్పతనమూ దక్కలేదు. సుబ్బారావుకు అది కొన్నాళ్ల మజిలీ. మనవాళ్లకు అది పుట్టుకతో అంటగట్టిన పని.

శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే చనిపోయాడు. సుబ్బారావు మళ్లీ ఇండియా రాలేదు. భార్యాభర్తలు మళ్లీ కలవలేదు. ఆయన త్యాగం గురించి పుస్తకాలున్నాయి. పాతికేళ్లు ఎదురుచూసిన ఆమె గురించి రెండు వాక్యాలు మించి కనిపించవు.

హార్వర్డ్ నుంచి పెర్ల్ రివర్

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి తయారుచేశారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతి ఈనాటికీ జీవరసాయన శాస్త్రం చదివే వాళ్లకు ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగానే తెలుసు. కండరాల్లో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ప్రతి కణానికీ శక్తినిచ్చే ఏటీపీని గుర్తించారు. 1929లోనే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. స్థిరమైన అధ్యాపక ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. త్వరలోనే పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు.

ఫోలిక్ ఆమ్లం కథ అంతకుముందే బొంబాయిలో మొదలైంది. పేద గర్భిణుల్లో, బట్టల మిల్లుల కూలీల్లో కనిపించే తీవ్ర రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని ఇంగ్లండ్ డాక్టర్ లూసీ విల్స్ 1931లో ప్రకటించారు. అందులో పనిచేస్తున్న పదార్థమేదో తెలియదు. 1945లో సుబ్బారావు బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు అది మందయింది. దాన్ని కొద్దిగా మార్చి చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 1948లో వెలువడిన ఫలితాల ప్రకారం 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. బోదకాలు మందు హెట్రజాన్ 1947లో వచ్చింది. భీమవరం చుట్టుపక్కల బోదకాలుతో ఈడ్చుకుంటూ నడిచే కూలీలను చూసినవాళ్లకు దాని విలువ తెలుసు. తొలి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్ కూడా ఆ ప్రయోగశాలదే. అది లోకానికి తెలిసిన 1948లోనే, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో గుండెపోటుతో సుబ్బారావు కన్నుమూశారు.

కొండమీద లెక్క

ఆయన్ని సామాజిక విప్లవకారుడిగా చూపించాల్సిన పని లేదు. ఆయన జీవితం ఒక లెక్క మాత్రం చెబుతుంది. రెండుసార్లు తప్పినా చదివించిన తల్లి, ఫీజు కట్టిన మామ, ఓడ ఎక్కించిన ధర్మసంస్థ, ఉద్యోగం ఇచ్చిన ప్రయోగశాల. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఎర్ర మాత్ర వెనక ఆ పేరు ఉండేది కాదు.

ఇప్పుడు అరకు చూద్దాం. పదో తరగతి ఒక్కసారి తప్పిన కొండదొర, గదబ, పోర్జ పిల్ల ఇంటికి వెళ్తే, మళ్లీ పరీక్ష రాయమని ఊరిదాకా వచ్చి అడిగేవాళ్లు తక్కువ. కాఫీ తోటలోనో, వలస కూలీలోనో కలిసిపోతుంది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో నెం. 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్ల మాట్లాడే భాష తెలిసిన టీచరు ఆ బడిలో ఉండాలన్న హామీ దాంతో పోయింది. పై చదువులకు విదేశాలు వెళ్లే ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ఉపకార వేతనాలు దేశం మొత్తానికి ఏడాదికి 20. బడుగుల డబ్బుతో నడిచిన ఒక ధర్మసంస్థ వందేళ్ల కిందట చేసిన పనిని రాజ్యాంగం ఉన్న ప్రభుత్వం ఇంత పిసినారిగా చేస్తోంది.

సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలైలో మొదలైంది. మన్యంలో రక్తపరీక్షలు చేస్తున్నారు, కార్డులు ఇస్తున్నారు, మాత్రలు పంచుతున్నారు. మంచిదే. ఆ జబ్బుతో నొప్పిని రాత్రంతా భరించిన పిల్లల్లో ఎవరో ఒకరికి, అన్నదమ్ములను పోగొట్టుకున్న సుబ్బారావుకు వచ్చిన పట్టుదలే వస్తుంది. ఆ పిల్లకు మాత్ర ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. పదో తరగతి తప్పితే మళ్లీ రాసే ఏర్పాటు ఉండాలి. ఊళ్లోనే బ్రిడ్జి కోర్సు, మండలానికో సైన్స్ ల్యాబ్, హాస్టల్లో సీటు, పీహెచ్‌డీ దాకా ఆగకుండా వచ్చే ఫెలోషిప్ కావాలి. ఇవి మేం కొత్తగా అడుగుతున్నవి కావు. ఒక తెలుగు కుర్రాడికి ఇలాంటి అండ అప్పట్లోనే దొరికింది. ఫలితం ఇవాళ ప్రతి అంగన్‌వాడీలో ఉంది.