ఉక్కు గుట్టు వెతికిన కమ్మరి బిడ్డ

మైఖేల్ ఫారడే పేరు పిల్లలకు విద్యుత్తు పాఠంలో పరిచయమవుతుంది. ఆయన మన ఉక్కు మీద కూడా పరిశోధన చేశారని చాలామందికి తెలియదు.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ దగ్గర న్యూయింగ్టన్‌లో పుట్టారు. తండ్రి కమ్మరి. ఆయనకు తరచూ జబ్బు చేసేది, ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది. చదవడం, రాయడం, కాసిని లెక్కలు... ఫారడే బడిలో నేర్చింది అంతే. 14వ ఏట పుస్తకాల బైండింగు దుకాణంలో చేరి ఏడేళ్లు పని నేర్చుకున్నారు. బైండింగుకు వచ్చిన పుస్తకాలే ఆయనకు పాఠాలయ్యాయి. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును తానే బైండు చేసి ఆయనకు పంపారు. మరుసటి ఏడాది రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా ఉద్యోగం దొరికింది.

అప్పటికే అక్కడి శాస్త్రవేత్తల చేతికి వూట్జ్ అనే భారతీయ లోహం చేరింది. అది మైసూరు సీమలోనూ, నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలోనూ మన కమ్మరులు చేసిన ఉక్కు. ఉక్కు అన్న మాటే అక్కడ వూట్జ్ అయిందని పండితులంటారు. దక్షిణాదిలో కొన్నిచోట్ల ఇనుప ముక్కలతో పాటు తంగేడు కట్టె, జిల్లేడు ఆకులు మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, కొలిమిలో గంటల తరబడి కాల్చేవారు. కట్టెలోని కార్బన్‌ను పీల్చుకుని ఇనుము ఉక్కయ్యేది. ఆ ముద్దలు పర్షియా దాకా వెళ్లేవి. అలల్లాంటి చారలున్న డమాస్కస్ కత్తులు వాటితోనే తయారయ్యేవి. జపాన్ కమ్మరులు ఉక్కును మడతపెట్టి, సాగగొట్టి కత్తిలో పొరలు తెస్తారు. మన ఉక్కులో చారలకు మూలం ముద్దలోనే ఉండేది.

ఫారడే 1819లో ఈ ఉక్కును విశ్లేషించారు. కత్తులు, వైద్య పరికరాలు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఉక్కులో వెండి, ప్లాటినం వంటివి కలిపి చూశారు. 1820, 1822లలో ఆ ఫలితాలను ప్రకటించారు. అల్యూమినా, సిలికాల వల్లే వూట్జ్‌కు ఆ గుణం వచ్చిందని ఆయన భావించారు. అది సరికాదని తరువాత తేలింది. అయినా మిశ్రలోహ ఉక్కుల పరిశోధనకు ఆ ప్రయోగాలు బాట వేశాయి.

1831లో ఆయన విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నారు. 1902లో శివనసముద్రం నుంచి కోలారు గనులకు కరెంటు వచ్చినా, 1905లో బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగినా ఆధారం ఆ సూత్రమే. పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలిచ్చిన ఆయన, సర్ బిరుదును వద్దన్నారు. 1867 ఆగస్టు 25న కన్నుమూశారు.

మన బడుల్లో వెల్డింగు షాపుల్లో, లేతు మిషన్ల దగ్గర పనిచేసేవారి పిల్లలు ఎందరో ఉన్నారు. నాన్న చేసే పనిలో సైన్సు లేదని, ఇంట్లో మాట్లాడే తెలుగు సైన్సుకు చాలదని వారు అనుకోకూడదు. ఉక్కు తెలుగులోనూ కన్నడంలోనూ ఒకే మాట. లోహాల పాఠాన్ని ఆ మాటతోనే మొదలుపెట్టవచ్చు.