వంటగదిలో దైవసన్నిధి

దివ్యపూజలో ఉండగా పొయ్యిమీది కూర, పొయ్యి దగ్గర ఉండగా పిల్లవాని ఫీజు గుర్తుకు రావడం మనకు అలవాటే. బ్రదర్ లారెన్స్ ఈ చిక్కుతోనే బ్రతుకంతా పెనుగులాడారు.

ఆయన అసలు పేరు నికొలా హెర్మాన్. నేటి ఫ్రాన్సులోని లొరేన్ సీమలో, 1614 ప్రాంతాన, పేద ఇంట పుట్టారు. పద్దెనిమిదేండ్ల వయస్సులో చలికాలపు మోడుచెట్టు ఒకటి కంటబడింది. అది మరల చిగురించి, పూచి, కాస్తుందన్న తలంపు ఆయన మనస్సును దేవునివైపు త్రిప్పింది. అయినా సైన్యంలో చేరి, యుద్ధంలో గాయపడ్డారు. 1640లో పారిస్‌లోని కార్మెల్ మఠంలో చేరారు.

అక్కడ అప్పగించినది వంటపని. స్వతహాగా ఆ పని ఆయనకు గిట్టదు! (మన తల్లులు గమనించాలి.) అయినా సుమారు 15 ఏండ్లు చేశారు. పెనంమీద అట్టు త్రిప్పినా దేవుని ప్రేమకొరకే. వేరే పని లేకుంటే అక్కడే మోకరించేవారు.

ఇది పుట్టుకతో వచ్చిన నెమ్మది కాదు. నాలుగేండ్లపాటు తనకు రక్షణ లేదనే భయం ఆయనను పీడించింది. మనస్సు చెదరినప్పుడల్లా తన్ను తాను నిందించుకుంటూ కూర్చోక, తిరిగి ప్రభువు చెంతకు వచ్చేవారు. ఆయన సాధన అంతా ఈ తిరిగి రావడంలోనే ఉందని నా అభిప్రాయం.

ద్రాక్షారసం కొనుటకు బర్గండీకి పంపితే, కుంటికాలితో పడవలో పీపాలమీద దొర్లుతూ కదిలారు. బేరసారాలు తెలియవు, అయినా పని చక్కబడింది. తరువాత మఠవాసులకు చెప్పులు కుట్టారు.

1691 ఫిబ్రవరి 12న పారిస్‌లో కన్నుమూశారు. మరుసటి ఏట ఆయన ఉత్తరాలను జోసెఫ్ ద బోఫోర్ అనే గురువు అచ్చు వేయించారు.